ఏ స్పానిష్ నేర్చుకోవాలి?

గువేరా పేరు ముందున్న ‘చే’ బిరుదు కాదు, ఇంటిపేరూ కాదు. అది ఒక ప్రాంతపు పిలుపు. మన ‘ఏమోయ్’, ‘ఒరేయ్’ వంటి మాట. అర్జెంటీనాలోని రొసారియోలో 1928లో పుట్టిన ఎర్నెస్తో గువేరా, తన ఊరివాళ్ళందరిలాగే, మాటకు ముందో వెనకో ‘చే’ తగిలించి మాట్లాడేవాడు. 1954 ప్రాంతంలో గ్వాటెమాలాలో అతనికి పరిచయమైన క్యూబా ప్రవాసులకు ఆ మాట వింతగా వినబడింది. వాళ్ళ స్పానిష్‌లో అటువంటి వాడుక లేదు. అందుకని అతన్నే ‘చే’ అని పిలవడం మొదలుపెట్టారు. తన మాండలికంలో ఎవరినైనా పిలవడానికి వాడే మాట, ఆ మాండలికం తెలియనివాళ్ళ నోట పడి, అతని పేరైపోయింది. మన గోడల మీదా, కవితల్లోనూ ఆ పేరు ఇన్నేళ్ళుగా ఉంది. కాని అది ఒక యాస గుర్తు అన్న విషయం మన వ్యాసాల్లో ఎక్కడా కనపడదు.

ఈ చిన్న సంగతి వెనక పెద్ద సంగతి ఉంది. స్పానిష్ నేర్చుకున్నానని చెప్పుకునే ప్రతి ఒక్కడూ నిజానికి ఏదో ఒక ప్రాంతపు స్పానిష్‌నే నేర్చుకుంటాడు. ఏ ప్రాంతానికీ చెందని స్పానిష్ అంటూ లోకంలో లేదు. పాఠ్యపుస్తకంలో ‘ప్రామాణిక భాష’ పేరుతో కనపడేది ఉత్తర స్పెయిన్‌లోని కాస్తీయ ప్రాంతపు చదువుకున్నవాళ్ళ పలుకుబడి. 1713లో మాద్రిద్‌లో వెలసిన రాజ అకాడమీ దానికి అండ. స్పానిష్ మాతృభాషగా గలవాళ్ళు ప్రపంచంలో 45 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్ళలో స్పెయిన్‌వాసులు సుమారు పదో వంతు. తొమ్మిది వంతుల మంది మాటను ఒక వంతు మంది మాట కొలిచి, తప్పొప్పులు తేల్చడం మూడు శతాబ్దాల వలస పాలన మిగిల్చిన అలవాటు. దేశాలు స్వతంత్రమైనా వ్యాకరణ పుస్తకాలకు స్వాతంత్ర్యం రావడానికి చాలా కాలం పట్టింది.

హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం స్పానిష్ నేర్పుతున్నది. ఇరవై దాటాక, ముప్ఫై దాటాక కూడా, బోర్హెస్‌నో కొర్తాసర్‌నో మూలంలో చదవాలన్న కోరికతో ఆ భాష చేపట్టే తెలుగువాళ్ళున్నారు. కొన్నేళ్ళు శ్రమించిన మనిషి అర్జెంటీనా నవల తెరిస్తే మొదటి సంభాషణలోనే కాలికి రాయి తగులుతుంది. తనకు నేర్పిన ‘నువ్వు’ అక్కడ లేదు. తనకు నేర్పిన క్రియారూపం అక్కడ లేదు. తన చదువు చాలలేదనుకుంటాడు. చాలనిది చదువు కాదు, చదివిన పుస్తకం.

ఈ వ్యాసంలో నేను తీసుకున్నది రియో దె లా ప్లాతా నదీముఖం చుట్టూ ఉన్న స్పానిష్. ఒక ఒడ్డున అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్, మరో ఒడ్డున ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో, ఎగువన రొసారియో. ఇరవయ్యో శతాబ్దపు స్పానిష్ సాహిత్యంలో పెద్ద భాగం ఈ నీళ్ళ పక్కన పుట్టింది.

ముందు ఆ ‘నువ్వు’ సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

పాఠ్యపుస్తకపు స్పానిష్‌లో నువ్వు అంటే ‘తూ’, మర్యాదగా మీరు అంటే ‘ఉస్తెద్’. బ్యూనస్ ఎయిర్స్‌లో ‘తూ’ లేదు. దాని చోట ‘వోస్’ ఉంది. (రాత వోస్ అయినా పలుకు బోస్‌కే దగ్గర, స్పానిష్‌లో వ, బ ఒకటే.) ఈ వోస్ చరిత్ర మరే భాషవాడికన్నా తెలుగువాడికి తొందరగా బోధపడుతుంది. ఎందుకంటే అది మొదట మన ‘మీరు’ వంటి మాట. బహువచనాన్ని ఒక్క మనిషికి గౌరవంగా వాడటం మనకు తెలిసినదే. పాత స్పానిష్‌లో వోస్ అటువంటి గౌరవ వాచకం. పదహారో శతాబ్దం నాటికి అది అందరికీ వాడబడి విలువ పోగొట్టుకుంది. ప్రభువులకు, పెద్దమనుషులకు వోస్ చాలలేదు. ‘మీ దయ’ అని అర్థమిచ్చే ‘వుఎస్త్రా మెర్సెద్’ వచ్చింది. అది అరిగి అరిగి ఉస్తెద్ అయింది. స్పెయిన్‌లో వోస్ సేవకులకూ కిందివాళ్ళకూ వాడే మాటగా దిగజారి చివరకు కనుమరుగైంది. చనువుకు పాత ‘తూ’ మిగిలింది.

సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న కాలంలోనే ఓడలెక్కిన స్పెయిన్‌వాళ్ళు అమెరికా ఖండానికి వోస్‌ను మోసుకుపోయారు. మెక్సికో, లిమా నగరాల్లో రాజప్రతినిధుల కొలువులుండేవి. మాద్రిద్ దర్బారులో మారిన మర్యాదలు అక్కడికి త్వరగా చేరి ‘తూ’ నిలబడింది. బ్యూనస్ ఎయిర్స్ చాలాకాలం సామ్రాజ్యానికి ఒక మూల. 1776 దాకా దానికి ప్రత్యేక రాజప్రతినిధి కూడా లేడు. దర్బారు గాలి సోకని ఇటువంటి మూలల్లోనే వోస్ బతికింది. ఇది స్థూలమైన వివరణ మాత్రమే. పందొమ్మిదో శతాబ్దంలో కూడా బ్యూనస్ ఎయిర్స్‌లో తూ, వోస్ కలగలిసి కనపడతాయి. అయినా మొత్తం మీద అధికారానికి దూరం వల్లనే ఆ మాట మిగిలిందనడం సరైనదే. మధ్య అమెరికా దేశాల్లోనూ, పరాగ్వేలోనూ, కొలంబియాలోని కొన్ని ప్రాంతాల్లోనూ వోస్ ఉంది.

మిగిలినది పూర్తిగా మిగల్లేదు. అది ‘తూ’తో కలిసి సంకరమైంది. కర్త వోస్, దాని క్రియ పాత బహువచనం నుంచి వచ్చినది. కాని ‘నిన్ను’, ‘నీకు’, ‘నీ’ అనే రూపాలు మాత్రం తూ కుటుంబానివి. తెలుగులో ఊహించుకోవాలంటే, ‘మీరు రండి, నీ పుస్తకం నీకిస్తాను’ అని ఒక ఊరు ఊరంతా స్నేహితులతో మాట్లాడుతున్నట్టు. మనకు నవ్వు వస్తుంది. అక్కడ ఎవరికీ నవ్వు రాదు. మూడు శతాబ్దాలుగా తల్లి బిడ్డతో అలాగే మాట్లాడుతున్నది.

పెద్ద వయసులో నేర్చుకునేవాడికి ఇందులో ఒక లాభం కూడా ఉంది. దాన్ని పాఠ్యపుస్తకాలు చెప్పవు. ‘తూ’ క్రియలు లోపలి అచ్చులు మార్చుకుంటాయి. తెనేర్ అంటే కలిగి ఉండటం. ‘తూ తియేనెస్’ అనాలి. పొదేర్ అంటే చేయగలగటం. ‘తూ ప్వేదెస్’ అనాలి. ఇవన్నీ వల్లె వేయాలి. వోస్‌కు ఆ బాధ లేదు. ధాతువు చివరి ‘ర్’ తీసి ‘స్’ పెట్టి, చివరి అచ్చును నొక్కి పలికితే సరి: వోస్ తెనేస్, వోస్ పొదేస్, వోస్ కెరేస్. మూడు నాలుగు క్రియలు తప్ప అన్నీ ఈ దారినే నడుస్తాయి. ‘నువ్వు’ అనే అర్థంలో ‘ఉండు’ క్రియ ‘ఎరెస్’ కాదు, ‘సోస్’. ‘రా’ అనడానికి ‘వెన్’ కాదు, ‘వెనీ’. ఇదేదో ‘తూ’ రూపాలను చదువురానివాళ్ళు పాడుచేస్తే వచ్చినది కాదు. తెనేఇస్, హబ్లాఇస్ వంటి పాత బహువచన రూపాల్లోని ‘ఇ’ జారిపోగా మిగిలినది. వంశం చూస్తే రెండూ సమానమైన పాతవే.

అయినా బడిపుస్తకం దీన్ని తప్పనే చెప్పింది. వెనిజులాలో పుట్టి చిలీలో పనిచేసిన ఆంద్రేస్ బెయో అమెరికా ఖండపు స్పానిష్ కోసం 1847లో గొప్ప వ్యాకరణం రాశాడు. ఆయన కూడా వోస్‌ను సహించలేదు. అర్జెంటీనా పిల్లలు తరాల తరబడి ఇంట్లో, వీధిలో వోస్ అని మాట్లాడి, తరగతిలో ‘తూ’ క్రియలు వల్లించారు. తమ దేశంలో ఎవరూ మాట్లాడని రూపానికి మార్కులు వేయించుకున్నారు. మనకు ఇది కొత్త కథ కాదు. 1910ల్లో గిడుగు, గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయ పండితులతో తలపడింది ఇటువంటి పరీక్షల మీదనే. కాని పోలికను మరీ సాగదీయకూడదు. మన గొడవ చచ్చిన భాషకూ బతికిన భాషకూ మధ్య. వాళ్ళది బతికి ఉన్న రెండు ప్రాంతాల మధ్య, సముద్రానికి అటూ ఇటూ. నిజానికి అది మన రెండో గొడవకు దగ్గర. వ్యావహారికం గెలిచాక ఏ జిల్లాల, ఏ కులాల వ్యావహారికం పుస్తకమెక్కిందన్న గొడవకు.

1941లో స్పెయిన్ పండితుడు అమెరికో కాస్త్రో, రియో ప్లాతా భాషలోని వింతల మీద ఒక పుస్తకమే వేశాడు. ఆ సమాజానికి క్రమశిక్షణ లేకపోవడమే వోస్ వంటి వాడుకలకు కారణమని ఆయన నిర్ధారణ. బోర్హెస్ దానికి రాసిన జవాబు చదివితీరవలసిన వ్యాసం. రాజకీయాల్లో బోర్హెస్‌తో మనకు పొత్తు కుదరదు. కాని ఈ విషయంలో ఆయన వేళాకోళం సూటిగా తగిలింది. అంతకు ముందే, 1930లో, రొబెర్తో ఆర్ల్త్ ‘ఎల్ ముందో’ పత్రికలో తన రోజువారీ శీర్షిక కింద అర్జెంటీనావాళ్ళ భాష గురించి రాశాడు. ఆర్ల్త్ వలసవచ్చిన పేదల బిడ్డ. తండ్రి జర్మన్, తల్లి త్రియెస్తె ప్రాంతం నుంచి వచ్చింది. బోర్హెస్ వాదన గ్రంథాలయం నుంచి వచ్చింది. ఆర్ల్త్ వాదన వీధి నుంచి వచ్చింది. కొత్త ఆలోచనలున్న జనం కొత్త మాటలు పుట్టిస్తారనీ, వ్యాకరణం వాళ్ళను ఆపలేదనీ అతని భావం. నాకు ఆర్ల్త్ వాదనే బలంగా కనపడుతుంది. ఎందుకంటే 1926 నుంచి వచ్చిన తన నవలల్లో అతను ఆ భాషతో పని చేయించి చూపాడు.

1931లో స్థాపించిన అర్జెంటీనా సాహిత్య అకాడమీ, వోస్ చదువుకున్నవాళ్ళ భాషలో కూడా సమ్మతమేనని ఒప్పుకోవడానికి 1982 దాకా పట్టింది. అప్పటికి కొర్తాసర్ ‘రాయుఎలా’ వచ్చి 19 ఏళ్ళు. వార్తాపత్రికల్లో 1964 నుంచి 1973 దాకా ఖండమంతా నవ్వించిన కీనో బొమ్మల పిల్ల ‘మఫాల్దా’ వోస్ అనే మాట్లాడింది. అకాడమీ ఇచ్చింది అనుమతి కాదు, ఆలస్యంగా పంపిన రసీదు. 2009లో స్పానిష్ అకాడమీలన్నీ కలిసి తెచ్చిన కొత్త వ్యాకరణంలో క్రియా పట్టికల్లోకి వోస్ రూపాలు ఎక్కాయి. ఈ మధ్యలో మరో వింత జరిగింది. విదేశీ సినిమాలకు గొంతు పెట్టేటప్పుడు ఖండమంతటికీ అర్థమయ్యే ‘తటస్థ’ స్పానిష్ వాడాలని 1986లో అర్జెంటీనాయే చట్టం చేసుకుంది. తటస్థం అంటే ఆచరణలో ‘తూ’. తమ ఇంట్లో ఎవరూ అనని మాటను పిల్లలు తెరమీద బొమ్మల నోట విన్నారు.

ఇక ధ్వనులు. రాతలో జంట ‘ఎల్’, ‘వై’ అక్షరాలను చాలా ప్రాంతాలవాళ్ళు ‘య’కు దగ్గరగా పలుకుతారు. ఇక్కడ అది ‘ష’. నేను అనే ‘యో’ ఇక్కడ ‘షో’. వీధి అనే ‘కాయె’ ఇక్కడ ‘కాషె’. ఒకప్పుడు ఇది నాదం కలిగిన ధ్వని, ఫ్రెంచివాళ్ళ ‘జ’ వంటిది. ఇరవయ్యో శతాబ్దంలో క్రమంగా నాదం పోయి ‘ష’ అయింది. బహీయా బ్లాంకా నగరంలో ఈ మార్పును బెయాత్రీస్ ఫొంతనెయా దె వైన్‌బెర్గ్ 1970ల్లో పరిశీలించింది. మార్పుకు ముందు నడిచింది ఆడవాళ్ళూ యువతరమూనని తేలింది. తెలుగువాడికి ఈ ‘ష’ కష్టం కాదు. త, ద ధ్వనులు కూడా మనవే. ఇంగ్లీషు మీదుగా వచ్చి ‘ట’, ‘డ’ అనే దురలవాటు చేసుకోకుండా ఉంటే చాలు. ఒత్తి పలికే రేఫ ఒకటుంది: ‘పెరో’ అంటే కాని, ‘పెఱ్ఱో’ అంటే కుక్క. మనం బండి ఱను పోగొట్టుకున్నాం, వాళ్ళు ఉంచుకున్నారు. ‘స’ సంగతి జాగ్రత్తగా వినాలి. హల్లు ముందు ‘స’ను ‘హ’గా పలకడం, ‘ఎస్తె’ను ‘ఎహ్తె’ అనడం అందరూ చేస్తారు. మాట చివరి ‘స’ను పూర్తిగా మింగేయడం మాత్రం చదువులేనివాళ్ళ గుర్తుగా అక్కడ చూస్తారు. ఒకే ధ్వని, రెండు చోట్ల, రెండు వర్గ ముద్రలు. నవలాకారుడు ఒక పాత్ర నోట ‘స’ ఎగరగొట్టినప్పుడు అది అచ్చుతప్పు కాదు.

ధ్వనులకన్నా ముందు కొత్తవాడి చెవికి సోకేది రాగం. బ్యూనస్ ఎయిర్స్ మాటలో ఒక ఎత్తుపల్లాల నడక ఉంది. మిగతా స్పానిష్ ప్రాంతాల్లో అది లేదు. దాని మూలం కోసం జనాభా లెక్కలు చూడాలి. 1880 నుంచి 1930 దాకా ఓడల మీద ఓడలుగా ఇటలీవాళ్ళు, స్పెయిన్‌వాళ్ళు, తూర్పు యూరపు యూదులు అక్కడ దిగారు. 1914 జనగణన నాటికి దేశంలో సుమారు 30 శాతం, రాజధానిలో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవాళ్ళే. వీళ్ళలో అత్యధికులు రైతుకూలీలూ చేతిపనివాళ్ళూ. ఇటలీనుంచి వచ్చినవాళ్ళు బడికి పోకుండా, పుస్తకం లేకుండా, రేవులో, కబేళాలో, ఇరుకు అద్దె గదుల వరండాలో ఈ స్పానిష్‌ను పెద్ద వయసులో నేర్చుకున్నారు. నోట సగం స్పానిష్, సగం తమ ఊరి ఇటాలియన్. ఆ కలగాపులగానికి ‘కొకొలీచె’ అని పేరు. పొదెస్తా కుటుంబపు సర్కస్ నాటకంలో ఇటాలియన్ వలసదారును వెక్కిరించే హాస్యపాత్ర పేరు అది. తర్వాత చిన్న నాటకాల్లో ఆ వెక్కిరింత పెద్ద వ్యాపారమైంది. జనం డబ్బిచ్చి నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో కొకొలీచె మాట్లాడేవాళ్ళ పిల్లలు కూడా ఉన్నారు.

కొకొలీచె పోయింది. రాగం మిగిలింది. లౌరా కొలంతోని, హోర్హె గుర్లెకియన్ 2004లో ప్రచురించిన పరిశోధన బ్యూనస్ ఎయిర్స్ స్వరపు నడకకు ఇటాలియన్‌తో, ముఖ్యంగా నేపుల్స్ పలుకుతో, దగ్గర పోలికలు చూపింది. ఆ మార్పు వలసల కాలంలోనే వచ్చిందని వాదించింది. దీని అర్థం గమనించాలి. ఆ భాషను ‘తప్పుగా’ నేర్చుకున్న పెద్దవాళ్ళే ఆ భాష గొంతును మార్చారు. వాళ్ళను వేదికమీద వెక్కిరించిన నగరం చివరకు వాళ్ళ రాగంలోనే మాట్లాడుతున్నది. పెద్ద వయసులో నేర్చుకున్నవాడు భాషకు ఎప్పటికీ అతిథేనన్న అభిప్రాయం మన భాషాబోధకుల్లో కూడా ఉంది. ఒక్కొక్క మనిషి విషయంలో అది నిజం కావచ్చు. లక్షల మంది ఒక్కసారి వచ్చినప్పుడు నిజం కాలేదు.

‘లున్‌ఫార్దో’ గురించి మన వాళ్ళకు కొంత తెలుసు, టాంగో పాటల పుణ్యమా అని. అది దొంగల రహస్యభాష అని మొదట పోలీసులు రాసుకున్నారు. నిజానికి అది పేటల్లోని శ్రామికుల మాటల మూట. పనికి ‘లబూరో’, ఇటాలియన్ ‘లవోరో’ నుంచి. బద్ధకానికి ‘ఫియాకా’. సిటీ బస్సుకు ‘బోందీ’, బ్రెజిల్ ట్రాం పేరు నుంచి. గందరగోళానికి ‘కిలోంబో’, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ళ భాష నుంచి. అక్షరాలు తిరగేయడం ఇంకో సరదా: కఫే ‘ఫెకా’ అవుతుంది, టాంగో ‘గోతాన్’ అవుతుంది. 1943లో వచ్చిన సైనిక ప్రభుత్వం రేడియోలో ఇటువంటి మాటలను కఠినంగా కత్తిరించింది. పేరున్న పాటలకు కొత్త ‘శుద్ధ’ పాఠాలు రాయించారు. 1949లో పాటల రచయితలు అధ్యక్షుడు పెరోన్‌ను కలిసి మొరపెట్టుకున్నాక పట్టు సడలింది. 1962లో ఈ మాటలకే ఒక అకాడమీ వెలసింది. అదే 1962లో కవి హువాన్ హెల్మన్ తన సంపుటికి ‘గోతాన్’ అని పేరు పెట్టాడు.

నేర్చుకునేవాడు తొందరపడేది సరిగ్గా ఇక్కడే. నాలుగు లున్‌ఫార్దో మాటలు ఏరుకుని, వాటితో స్థానికుడైపోయాననుకుంటాడు. పరాయివాడి నోట యాసమాట రెండు రకాలుగా వినబడుతుంది: వెక్కిరింతగానో, వేషంగానో. జె. కె. చేంబర్స్ 1992లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఇంగ్లండుకు వలసవచ్చిన కెనడా పిల్లల మీద చేసినది. కొత్త మాండలికంలో మాటలు ముందు పట్టుబడతాయనీ, ధ్వనులు వెనక వస్తాయనీ, వయసు పెరిగేకొద్దీ ఆ వెనకబాటు పెరుగుతుందనీ అందులో కనపడుతుంది. కాబట్టి మాటలు తేలికగా వచ్చేస్తున్నాయంటే భాష వచ్చేస్తున్నట్టు కాదు. నా ఉద్దేశంలో మొదట పట్టుకోవలసినది సంబోధన: వోస్, దాని క్రియలు, ఎవరితో ఉస్తెద్. ఇది వ్యాకరణం, వేషం కాదు. పరాయివాడు వోస్ అన్నా ఎవరూ నవ్వరు. ఆ తర్వాత చెవి. యాసమాటలు అన్నిటికన్నా చివర, అవతలివాళ్ళు మన ముందు సంకోచం లేకుండా వాడటం మొదలుపెట్టాక. ఒక్క హెచ్చరిక మాత్రం మొదటి రోజే అవసరం. స్పెయిన్‌లో బస్సు ‘పట్టుకోవడానికి’ వాడే ‘కొహెర్’ అన్న మామూలు క్రియ అర్జెంటీనాలో బూతు. అక్కడ ‘తొమార్’ అనాలి.

మాద్రిద్ క్రియా పట్టికలో ఆరు వరుసలుంటాయి. బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళేవాడికి రెండో వరుస పనికిరాదు, ఐదో వరుస దండగ. మాద్రిద్‌లో స్నేహితుల గుంపును ‘వొసోత్రోస్’ అంటారు. అమెరికా ఖండమంతా పిల్లలనైనా పెద్దలనైనా ‘ఉస్తెదెస్’ అనే అంటుంది. ఆ ఐదో వరుస మీద మన విద్యార్థులు ఎన్ని రాత్రులు గడుపుతారో! 2004 నుంచి అర్జెంటీనా తన సొంత పరీక్ష పెట్టింది, విదేశీయుల కోసం. పేరు ‘సెలు’. ఇటువంటివి వచ్చాక పరిస్థితి కొంత మారింది. కాని ఇక్కడ చేతికందే పాఠాలు ఇంకా ఎక్కువగా స్పెయిన్ చూపుతోనే ఉన్నాయి.

పెద్ద వయసులో ఈ భాషలో పడ్డ రచయితల్లో విటోల్ద్ గొంబ్రోవిచ్ కథ మనకు పనికివస్తుంది. 1939 ఆగస్టులో ఓడమీద బ్యూనస్ ఎయిర్స్ చేరాడు, 35 ఏళ్ళ వయసులో. కొద్ది రోజుల్లో హిట్లర్ పోలండ్ మీద పడ్డాడు. అతను వెనక్కి పోలేదు. 1963 దాకా అక్కడే ఉండిపోయాడు. స్పానిష్ రాదు, చేతిలో డబ్బు లేదు. తన ‘ఫెర్దిదుర్కె’ నవలను తనే వచ్చీరాని స్పానిష్‌లోకి దించి తెస్తే, రెక్స్ అనే కాఫీహోటల్లో చదరంగం బల్లల మధ్య స్నేహితులు కూర్చుని వాక్యం వాక్యం సరిచేశారు. వాళ్ళకు పోలిష్ రాదు. నాయకత్వం వహించిన విర్హీలియో పిన్యేరా క్యూబా రచయిత. 1947లో పుస్తకం వెలువడింది. మూలభాష తెలిసినవాడికి లక్ష్యభాష సరిగా రాదు, లక్ష్యభాష తెలిసినవాళ్ళకు మూలభాష రాదు. అయినా అది చరిత్రలో నిలిచిన అనువాదమైంది. తరగతి గది ఇవ్వలేనిదాన్ని ఆ బల్ల ఇచ్చింది: ‘ఇలా అనం, ఇలా అంటాం’ అని మొహమాటం లేకుండా చెప్పే మనుషులను.

అందరూ ఇష్టపడి నేర్చుకోరన్నది కూడా చెప్పాలి. పెరూ నుంచి, 2010ల తర్వాత వెనిజులా నుంచి బ్యూనస్ ఎయిర్స్ చేరిన శ్రామికులకు స్పానిష్ మాతృభాషే. అయినా ‘తూ’ అన్న మొదటి క్షణంలో వాళ్ళ ఊరు తెలిసిపోతుంది. వోస్ అనాలా, తమ మాట నిలుపుకోవాలా అన్నది వాళ్ళకు భాషాశాస్త్రం కాదు; పనిలోకి పిలిచేవాడి ముందు, గది అద్దెకిచ్చేవాడి ముందు తేల్చుకోవలసిన విషయం.

మన రచయితలకు ఇదంతా ఎందుకు? లాటిన్ అమెరికా సాహిత్యం తెలుగులోకి వచ్చింది, వస్తున్నది ఎక్కువగా ఇంగ్లీషు మీదుగా. ఇంగ్లీషుకు ఉన్నది ఒకే ఒక ‘యూ’. స్పానిష్ మూలంలో తేడా ఉంది, తెలుగులో తేడా చూపక తప్పదు, మధ్యలో ఇంగ్లీషు దాన్ని చెరిపేసింది. ఒక ఫ్యాక్టరీ సన్నివేశం ఊహించండి. మేస్త్రీ కార్మికుణ్ణి వోస్ అంటాడు, కార్మికుడు మేస్త్రీని ఉస్తెద్ అంటాడు. ఒకరోజు గొడవలో కార్మికుడు మేస్త్రీని వోస్ అన్నాడు. కథంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంగ్లీషులో అది ‘యూ’గానే ఉండిపోయింది. తెలుగు అనువాదకుడు మొదటి పేజీ నుంచీ నువ్వు, మీరు ఊహించి రాస్తాడు. ఆ మలుపు దగ్గర ఊహించడానికి కూడా ఆధారం లేదు. మన అనువాదాల్లో సంభాషణలు చప్పగా ఉన్నాయన్న ఫిర్యాదుకు ఇదొక కారణం. అనువాదకుడి చేతకానితనం ఎప్పుడూ కాదు.

మూలం చదవగలిగినా చిక్కు తీరదు. వోస్‌కు, తూకు తెలుగులో ఉన్నది ఒకే నువ్వు. వోస్ మాండలికం గనుక తెలుగులో కూడా ఏదో ఒక మాండలికంలో పెడదామన్న ఆలోచన కొందరికి వస్తుంది. బ్యూనస్ ఎయిర్స్ పాత్ర ‘వచ్చిండు’, ‘పోయిండు’ అంటే సరిపోతుందని. ఇది తప్పుదారి అని నా అభిప్రాయం. వోస్ అట్టడుగువాళ్ళ మాట మాత్రమే కాదు. అక్కడ ప్రొఫెసరూ వోస్ అంటాడు, మంత్రీ అంటాడు. దాన్ని యాసగా తెలుగు చేస్తే మాద్రిద్ పండితుడి కళ్ళతో చూసినట్టే అవుతుంది. ‘స’ మింగిన పాత్రకు, లున్‌ఫార్దో ముద్ద కట్టిన పాత్రకు తెలుగు యాస వెతకవచ్చు. వోస్‌కు మామూలు నువ్వు చాలు. ఒక సంగతి గమ్మత్తుగా ఉంటుంది: కొత్తగా పరిచయమైనవాళ్ళు ‘ఇక ఉస్తెద్ వద్దు’ అనుకోవాలంటే బ్యూనస్ ఎయిర్స్‌లో కూడా ‘తుతెయార్’ అనే క్రియే వాడతారు, అంటే తూ అనడం. తామెన్నడూ వాడని తూ పేరు మీద అనుమతి తీసుకుని, వోస్ అని మాట్లాడుకుంటారు.

‘గోతాన్’ రాసిన హువాన్ హెల్మన్ దగ్గరకు మళ్ళీ రావాలి. 1976లో సైన్యం అధికారం చేజిక్కించుకునే నాటికి అతను దేశం బయట ఉన్నాడు. కొడుకునూ కోడలినీ సైనికులు ఎత్తుకుపోయారు. రోం, మాద్రిద్, పారిస్, చివరకు మెక్సికో: అన్నీ వోస్ లేని ఊళ్ళు. యాభై దాటిన ఆ వయసులో అతను ఇంకో ప్రాంతీయ స్పానిష్ నేర్చుకున్నాడు. 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టిన యూదులు సలోనికా, ఇస్తాంబుల్, సరయెవో నగరాలకు మోసుకుపోయి, నాలుగు శతాబ్దాలకు పైగా ఇళ్ళలో కాపాడుకున్న పాత స్పానిష్ అది. హెల్మన్ యూదుడే కాని ఆ శాఖవాడు కాదు. అతని పెద్దలు ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు, ఆ భాష అతని ఇంట్లో లేదు. క్లారిస్ నికొయిద్‌స్కీ ఆ భాషలో రాసిన కవితలు చదివి, 1983 నుంచి 1985 దాకా అందులోనే కవితలు రాశాడు. సంపుటి పేరు ‘దిబాషు’, అంటే ‘అడుగున’. 1994లో అచ్చయింది. ప్రతి కవిత పక్కనా నేటి స్పానిష్‌లో పాఠం ఇచ్చి, రెండింటినీ గట్టిగా పైకి చదవమని పాఠకులను కోరాడు.